కంటికొలత

బస్సు ఆగిన చోట, చర్చి పక్క షెడ్డులో ఓ ముసలాయన శవపేటిక పలకను చిత్రిక పడుతున్నాడు. యాత్రికులంతా గోడబొమ్మలు చూడటానికి లోపలికి వెళ్ళినా, శవపేటికలు చేసే మేస్త్రి భార్యతో అక్కడే ఆగిపోయాడు. తోటి పనివాణ్ణి చూస్తే కాళ్ళు కదులుతాయా!

దర్జీ చొక్కా చూస్తాడు, చెప్పులు కుట్టేవాడు కాళ్ళు చూస్తాడు. ముప్పయ్యేళ్ళుగా పెట్టెలు చేసిన మేస్త్రికి మనిషి కనిపిస్తే చాలు, పొడవూ వెడల్పూ కంట్లో పడిపోతాయి. అందుకే బస్సులో, "మేస్త్రీ, నావైపు చూడకయ్యా, నాకింకా టైముంది!" అని నవ్వేవారు. భార్య గుండెజబ్బు తగ్గాలని మొక్కుకుని ఈ చర్చీల యాత్రకు బయల్దేరినప్పటినుంచీ, ఆయన ఆమెను నిండా చూడడమే మానేశాడు.

ముసలాయన తలెత్తాడు. ఆ చూపు భార్య మీద పడుతుందని మేస్త్రి గబుక్కున అడ్డం నిలబడ్డాడు. అది మేస్త్రి తల దగ్గర మొదలై, భుజాల మీద కాసేపు ఆగి, బూట్లదాకా నింపాదిగా దిగింది. తర్వాత ముసలాయన పలకల్లో పొడవైనదాన్ని ఏరి బల్లమీద పెట్టాడు.

"ఏమైందండీ, ఈ చలిలో ఆ చెమటలేంటి?" అంది భార్య.

"ఏం లేదు, పద."

ముసలాయన మర్యాదగా చెయ్యి ఊపాడు. మేస్త్రి భార్య చెయ్యి పట్టుకుని, చాన్నాళ్ళకి ఆమెను నిండుగా చూస్తూ బస్సువైపు నడిచాడు.