వాసీ రికార్డు

ఎన్నికలు అయిపోయి దేశానికి కొత్త జెండా వచ్చిన ఏడు, డర్బన్ శివారు ఖర్వాస్తాన్‌లో వాసీకి మాత్రం పాత రికార్డు ప్లేయరు పిచ్చి పట్టుకుంది. మొబేనిలో మోటార్లు చుట్టే ఫ్యాక్టరీలో తల నెరిసిన మనిషి. ఆ ప్లేయరుకి బెల్టు లేదు, పళ్లెం నేరుగా మోటారు మీదే తిరుగుతుంది. మోటారు మంచిదే, పక్కనున్న ట్రాన్స్‌ఫార్మరే పాటని పాడుచేస్తోందని తేల్చి, దాన్ని ఊడబెరికి వేరే డబ్బాలో పెట్టాడు. గుయ్యిమనే రొద పోయింది. అడుగున బరువైన చెక్కపీట వేశాడు. రబ్బరు ముక్కని గుండ్రంగా కోసి పళ్లెం మీద పరిచాడు. దేశం మీద విదేశాల ఆంక్షలు ఎత్తేశాక డర్బన్ కొట్లలోకి దిగిన కొత్త ముల్లు ఒకటి కొని బిగించాడు. వంటగదిలో కుళాయి కారుతోందని భార్య వల్లీ మొత్తుకున్నా చెవిన పెట్టలేదు.

ఈ తాపత్రయమంతా ఒకే ఒక్క రికార్డు కోసం. కుర్రతనంలో వాళ్ల రామభజన జట్టు స్టూడియోలో పాడిన రికార్డది. ఒక్కరికీ తెలుగు చదవడం రాదు, ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని పాడారు. ముందుపాట వాసీది, తక్కినవాళ్లది వంత. మరుసటి ఏటికల్లా వాసీకి పాడే గొంతు పూర్తిగా పోయింది. ఫ్యాక్టరీ వార్నిషు పొగ దాన్ని మింగేసింది. ఇక తన గొంతంటూ మిగిలింది ఆ రికార్డులోనే. మంచం పట్టిన తల్లి చివరిదాకా రోజూ అదే వేయించుకుంది. అరిగిన ముల్లు కింద ఆ పాట బరబరలాడుతూ పరాయి గొంతులా ఉండేది. ఎవరి గొంతు వాళ్లకి కొత్తగానే వినబడుతుందిలే అని వాసీ సరిపెట్టుకున్నాడు, పైగా పొంగిపోయాడు కూడా, వెర్రిబాగులవాడు.

కొత్త ముల్లుతో మొదటిసారి వినడానికి ఆదివారం క్రిష్‌ని పిలిచాడు. అప్పట్లో జట్టు పెద్ద క్రిషే, రికార్డు పనంతా చూసిందీ అతనే. వల్లీ టీ తెచ్చి కూర్చుంది.

రొద లేదు, బరబర లేదు. తాళాలు విడివిడిగా మోగాయి. ముందుపాట మొదలైంది. "సీత" అన్నప్పుడల్లా సన్నటి ఈల. ముందుపన్ను విరిగినవాడు జట్టులో ఒక్కడే.

"ఇది సూబయ్య" అన్నాడు వాసీ.

క్రిష్ కప్పులోకి చూశాడు. "ఆ డే నీ గొంతు బొంగురు, మ్యాన్. స్టూడియో బాస్ నో అన్నాడు. మర్నాడు సూబయ్యని తీసుకుపోయి మళ్లీ పాడించా. నీకు ఎలా చెప్పేది?"

వాసీకి ఒళ్లు మండిపోయింది. పెళ్లిళ్లలో ఆ రికార్డు విని జనం తన భుజం తట్టినప్పుడు ఈ క్రిష్ పక్కనే నిలబడి నవ్వాడు కదా. భార్య వైపు తిరిగాడు. ఆమె మొహంలో ఆశ్చర్యం లేదు.

"నీకూ తెలుసా?"

"పెళ్లయినాక తెలిసింది."

"మా అమ్మ పిచ్చిది. ఎవడి గొంతో విని నేననుకుని పోయింది."

వల్లీ తల అడ్డంగా ఊపింది. "అత్తకి ఫస్ట్ డే నుంచీ తెలుసు. కన్నకొడుకు గొంతు తెలీదా? వాడికి చెప్పొద్దు అని నాతో ఒట్టేయించింది."

"మరి రోజూ ఎందుకు వేయమంది?"

"వేసేటప్పుడు నీ మొహం చూసుకునేది."

క్రిష్‌ని ఇంట్లోంచి గెంటేయొచ్చు. వల్లీతో మాటలు మానేయొచ్చు. చచ్చిపోయిన తల్లిని ఎక్కడికెళ్లి నిలదీస్తాడు?