ఏడుపొచ్చిందని మానేసిన వైద్యం

మా క్వార్టర్లలో బొగ్గు పొయ్యిని వాకిట్లో రాజేసి, పొగంతా పోయాక ఇంట్లోకి తెచ్చుకుంటాం. ఆ రోజు పొయ్యి రాజేసి పక్కనే కూర్చున్నాను. ఆయన గనిలో షిఫ్టు దిగి వచ్చేసరికి బొగ్గంతా బూడిదైంది, నేను అక్కడే ఉన్నాను. అన్నం ఎందుకు వండలేదంటే ఏం చెప్పను? చేతులు రాలేదు, అంతే. ఈ డెబ్బైలలోనే, గోదావరిఖనిలో నాలుగేళ్ళ కిందటి మాట ఇది.

దవాఖానలో రక్తపరీక్ష, బీపీ, ఎక్స్‌రే అన్నీ చూసి "నార్మల్" అన్నారు, టానిక్ రాశారు. సీసాలు ఖాళీ అయ్యాయి కానీ ఆకలి పుట్టలేదు, నిద్ర రాలేదు. కన్నబిడ్డను ఎత్తుకోబుద్ధి కాలేదు. మా అత్త దిష్టి కూడా తీసింది. చివరికి డాక్టరుగారే వరంగల్‌కు రాసి పంపారు.

అక్కడి డాక్టరమ్మ ఇది డిప్రెషన్ అన్నారు. గోలీలతో పాటు వారం వారం వచ్చి మాట్లాడాలని, దాన్ని సైకోథెరపీ అంటారని చెప్పారు. మాటలతోనే జబ్బులు పోయేటట్టయితే మా నల్లా దగ్గర ఒక్క ఆడదానికీ జబ్బుండకూడదు కదా అనుకున్నాను.

మూడోసారి వెళ్ళినప్పుడు ఆమె మా అమ్మ గురించి అడిగారు. నేను కడుపుతో ఉండగా అమ్మ పోయింది. కడుపుతో ఉన్నది శవాన్ని చూడకూడదని నన్ను పంపలేదు. పెద్దపల్లి పక్కన మా ఊళ్ళో అమ్మను తీసుకుపోతుంటే, నేను ఇక్కడ తలుపేసుకుని కూర్చున్నాను. అంతవరకు ఎవరితోనూ అనని మాట అది. అమ్మ ముఖం ఒక్కసారి చూడాలని ఉందని ఆమె ముందు ఏడ్చాను. ఇంటికొచ్చినా ఆ ఏడుపు ఆగలేదు.

మా అత్త చెడ్డది కాదు. నన్ను చూసి ఆమె కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి. "ఉన్న దుఃఖం చాలదా బిడ్డా, రైలెక్కి పోయి ఏడ్సుడేంది? ఇగ పోకు" అంది.

నిజమే అనిపించింది. పైగా మాలో దవాఖాన గడప దాటేటప్పుడు "మళ్ల వస్త" అనరు. అంటే జబ్బును మళ్ళీ పిలుచుకున్నట్టే. డాక్టరమ్మ "వచ్చే వారం వస్తారు కదా" అని అడిగినప్పుడల్లా తల దించుకుని బయటికొచ్చేదాన్ని. అందుకే మానేస్తున్నానని ఆమెకు తెలియనే లేదు.

గోలీలూ ఆపేశాను. ఎండాకాలానికి మంచం పట్టాను. ఆయన డ్యూటీకి పోతూ పక్కింటావిడతో నన్ను కనిపెట్టి ఉండమనేవాడు. ఒకనాడు పోలేక నా పక్కనే కూర్చున్నాడు.

"బొగ్గుబాయిలకు దిగుతున్న గాని పానమంత ఇంటికాడనే ఉంటుంది. ఒక్కసారి పోదాం."

పోయేసరికి ఆ డాక్టరమ్మ బదిలీ అయ్యారు. ఎవరో నా చెయ్యి విడిచేసినట్టయింది. కొత్త డాక్టరుతో అంతా మొదటి నుంచీ చెప్పుకోవాలి. అమ్మ సంగతి తీయకముందే అనేశాను: "ఈడ ఏడ్సి పోతే ఇంట్ల ఇంకింత బరువైతది సారూ. అందుకే మానేసిన."

"ఆ సంగతి చెప్పడం మంచిదైంది. నెమ్మదిగా మాట్లాడుకుందాం, ఆపొద్దు" అన్నారాయన. మా వెంట వచ్చిన అత్తను పిలిచి, కొన్నాళ్ళు ఇలాగే ఏడుస్తుందని, భయపడవద్దని చెప్పారు. బాగవడానికి చాలా నెలలు పట్టింది.

ఇప్పుడు నిద్ర పడుతోంది. పాపకు నేనే జడలేస్తున్నాను. అమ్మ మీద బెంగ మాత్రం పోలేదు, పోవాలని నాకూ లేదు. పాప నిద్రపోతుంటే ఆ ముఖంలో అమ్మను వెతుక్కుంటాను. ఆ డాక్టరమ్మ ఎక్కడున్నారో తెలిస్తే బాగుండునని కూడా అనిపిస్తుంది.

మీలో ఎవరికైనా ఈ వైద్యం మధ్యలో మానేయాలనిపిస్తే, ఇంట్లోవాళ్ళకంటే ముందు డాక్టరుకే చెప్పండి. ఆ మాట చెప్పడానికైనా ఇంకొక్కసారి వెళ్ళండి.