పొడిమందుతో పాతపట్నం

కిందటేడు మా అప్ప వాళ్ళ వరిని పురుగు తినేసింది. అక్కని మేం అప్ప అంటాం. గడ్డి మిగిలింది, గింజ మిగల్లేదు. ఈ ఏడు కూడా పురుగు కనబడిందని కబురు రాగానే, మందు తెస్తున్నానని తిరుగు కబురు పంపి, విజయనగరంలో పొడిమందు మూట ఒకటి కొని మధ్యాహ్నం ప్యాసింజరు ఎక్కాను. మంచు తడి మీద చల్లితేనే పొడి ఆకుకి పట్టుకుంటుందని, ఆరిన ఆకు మీద నిలవదని కొట్టువాడు ఒకటికి రెండుసార్లు చెప్పాడు.

నౌపడలో దిగి చిన్న రైలు కోసం గంటకు పైగా కూర్చున్నాను. అక్కడి టీ గురించి చెప్పడానికేమీ లేదు, వేడిగా ఉంటుంది. రైల్లో నా పక్కన ఎండుచేపల గంపతో ఒకావిడ కూర్చుంది.

"నా గంప కంపని అందరూ ముక్కు మూసుకుంతారు. నీ మూట కంపేటి బాబూ?"

పురుగుల మందన్నాను. గంప తీసుకుని అవతలి బల్లకి వెళ్ళిపోయింది.

పాతపట్నంలో దిగి ఊరు చేరేసరికి దీపాలు పెట్టేశారు. బావ అప్పటికే పొలం కాపలాకి వెళ్ళాడట. అప్ప పెట్టిన అన్నం తిని పడుకున్నాను.

తెల్లవారుతుండగా మూట భుజాన వేసుకుని పొలం వెళ్ళాను. బావ, ఆయన తమ్ముడు చెరో గట్టు మీద నడుస్తూ వరి మీదుగా తాడు లాగుతున్నారు. ఆకుల మీది మంచు నీళ్ళు జలజలా రాలిపోతున్నాయి.

"పై మడి అయిపోనాది బావా. ఆకు ఆరబెట్టీసినాం. ఇంక మందు కొట్టీడమే," అన్నాడు బావ సంతోషంగా.

కిందటేడు వాళ్ళు ఆలస్యంగా కొట్టింది నీళ్ళమందు. తడి ఆకు మీద అది జారిపోతుందని ఎవరో చెప్పిన మాట బావ మర్చిపోలేదు. ఇది పొడిమందని, దీనికి తడే కావాలని చెప్పాను. ఆయన తాడు వదిలేసి గట్టు మీద కూలబడ్డాడు.

"మరి పై మడి గతేటి?"

"రేపు కొడదాం."

"రేపటికి ఏటి మిగుల్తాది?"

ముక్కుకి తువ్వాళ్ళు కట్టుకుని, పల్చటి గుడ్డలో పొడి పోసి కర్రకి కట్టి, కింది మడి మీద దులుపుకుంటూ పోయాం. ఎండెక్కి గాలి లేచాక ఆపేశాం.

ఆ రోజే తిరిగి రావలసినవాణ్ణి, కదలబుద్ధి కాలేదు. సాయంత్రం మబ్బు పట్టింది. మబ్బుంటే మంచు కురవదు. అన్నం వడ్డిస్తూ అప్ప ఊరికే వాకిట్లోకి వెళ్ళి ఆకాశం చూసొస్తోంది. నాకూ భయమేసింది.

కోడి కూశాక అప్పే లేపింది. "మంచు పడ్డాది, లెగరా."

ఈసారి తాడు ఎవరూ ముట్టుకోలేదు. పై మడంతా తడి ఆరకముందే చల్లేశాం.

ఈ పనిమీద ఎవరైనా వెళితే మందు ఏ రకమో ముందురోజే చెప్పండి, ఇంకో పంచె కూడా పట్టుకెళ్ళండి. కాళ్ళూ చేతులూ కడుక్కున్నాను గాని, మంచుకి తడిసినంత మేరా నా పంచెకి పొడి అట్టకట్టేసింది. స్టేషన్లో బావ దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

"ఆకుకి కూడా ఇలాగే పట్టుంటాదేటి బావా?"

"పట్టే ఉంటుంది," అన్నాను.

రైలు వచ్చే ముందు ఆయన వంగి నా పంచె అంచుని గోటితో గీకి చూశాడు. పొడి రాలలేదు. ఇంకోసారి గీకాడు. అప్పుడు నవ్వాడు.