బందరు బంగారం, నాలుగు మూగ సెట్లు

విజయవాడలో ఉదయం ఆరుంబావుకి బయల్దేరాల్సిన మచిలీపట్నం ప్యాసింజరు ఏడింటికి కదిలింది. ఆ బండి వేళకి వెళ్తుందని నమ్మి టీ తాగకుండా స్టేషనుకి పరిగెత్తితే తప్పు బండిది కాదు. నేను అలాగే పరిగెత్తాను. నా సంచిలో నాలుగు పాడైన క్రిస్టల్స్, పరీక్షకి ఒక వైర్‌లెస్ సెట్టు ఉన్నాయి. నోట్లో ఆ క్రిస్టల్స్ తయారుచేసినవాళ్ళ కోసం దాచుకున్న తిట్లున్నాయి.

నేను రేడియో మెకానిక్కుని. దివిసీమలో నాగాయలంక దగ్గర చేపల వేట చేసే నాంచారయ్య గారు తన నాలుగు పడవలకీ నా చేత సెట్లు కట్టించుకున్నారు. ఉప్పెన చూసిన మనిషి. గాలి మారితే ముందున్న పడవ మిగతావాటికి కబురు చెప్పాలని ఆయన కోరిక. క్రిస్టల్స్‌కి బందరు వెళ్ళి ఆర్డరిచ్చి, నేరుగా ఆయనకే పంపించమన్నాను. తీరా పెట్టి చూస్తే నాలుగు సెట్లూ మూగవి. ఆయన క్రిస్టల్స్‌ని ఊడదీసి బస్సు కండక్టరు చేత నాకు తిప్పి పంపారు. ఎల్లుండి తెల్లవారుజామున పడవలు సముద్రంలోకి వెళ్ళాలి. సెట్లు కట్టింది నేను గనక తప్పు బందరువాళ్ళదేనని ఇంట్లోనే తీర్పు చెప్పేసుకున్నాను.

ఎనిమిదిన్నరకి గుడివాడ. ఎదురు బండి కోసమని ముప్పావుగంట ఆపారు. ఎదురు బండి వెళ్ళిపోయాక కూడా ఆపారు, అప్పుడెందుకో ఎవరికీ తెలియదు. ప్లాట్‌ఫాం మీద కొన్న ఇడ్లీ నిన్నటిదేనని నా నమ్మకం. ఎదురు సీట్లోని ధాన్యం వ్యాపారి నా చేతిలో క్రిస్టల్ చూసి అదేమిటని అడిగారు. క్వార్ట్జ్ అనే పలుగురాతి బిళ్ళకి రెండువైపులా బంగారం పూసి కరెంటు ఇస్తే లెక్క తప్పకుండా వణుకుతుందని, ఆ వణుకు మీదే సెట్టు పలుకుతుందని చెప్పాను.

"గోరంత రాయికి బంగారమెందుకండీ, దండగ" అన్నారాయన.

ధాన్యం తూచేవాడికి ఇవేం అర్థమవుతాయిలే అనుకుని కిటికీ వైపు తిరిగాను.

పదిన్నరకి బందరు. ఫ్యాక్టరీ అంటే రెండు గదుల రేకుల షెడ్డు, దానికన్నా బోర్డే పొడుగు. యజమాని గారు నన్ను పెళ్ళికొచ్చిన వియ్యంకుడిలా అంతా తిప్పి చూపించారు. పలుగురాతి దిమ్మని వజ్రపు పొడి అద్దిన రంపంతో ఒక లెక్క ప్రకారం ఏటవాలుగా కోస్తారు. ఆ వాలు తప్పితే ఎండకీ చలికీ క్రిస్టల్ లెక్క మారిపోతుంది. కోసిన పలకల్ని రెండు ఇనప పళ్ళాల మధ్య కరుకు పొడి, నీళ్ళు వేసి అరగదీస్తారు. ఎంత పల్చనైతే అంత వేగంగా వణుకుతుంది. ఆ మందానికి సహజంగా వచ్చే వణుకే ఫండమెంటల్. ఇంకా వేగం కావాలని మరీ అరగదీస్తే బిళ్ళ చేతిలోనే చిట్లుతుంది. అందుకని మందం అలాగే ఉంచి దాదాపు మూడింతల వేగంతో వణికిస్తారు. అది ఓవర్‌టోన్, నా సెట్లకి కావలసింది అదే. దానికి బిళ్ళ ముఖాలు రెండూ అద్దంలా నునుపుగా ఉండాలి, పూత పల్చగా ఉండాలి.

పూత పూసేది మస్తాన్ గారు. ముప్ఫై ఏళ్ళు రోల్డుగోల్డు గొలుసులకి మెరుగు పెట్టిన చెయ్యి. గాలి తీసేసిన గాజు బుడ్డి కింద బంగారు తీగ ముక్కని మరిగిస్తే, ఆ ఆవిరి బిళ్ళకి అంటుకుంటుంది.

నా క్రిస్టల్‌ని వాళ్ళ మీటరుకి తగిలిస్తే ఫండమెంటల్ లెక్క సరిగ్గా చూపించింది. దాన్ని మూడుతో హెచ్చవేసి, బిళ్ళని మూసే రేకు డబ్బా మీద అచ్చు గుద్దడమే వాళ్ళ పరీక్షట. ఓవర్‌టోన్ మీద ఎప్పుడైనా నడిపి చూశారా అని అడిగాను.

"మూడో ఎక్కం తప్పదు కదండీ" అన్నారు యజమాని.

ఆ ఒక్క మాటతో నా టికెట్టు డబ్బులు గిట్టాయి. డబ్బా కోసి చూస్తే పూత రోల్డుగోల్డు చేతిగాజుకి వేసినంత మందంగా ఉంది. మస్తాన్ గారి మీద విరుచుకుపడ్డాను. ఆయన నెమ్మదిగానే జవాబిచ్చారు.

"సముద్రం మీద వాడేవి, గట్టిగా ఉండాలని మీరే చెప్పి వెళ్ళారండీ. ఉప్పుగాలికి నిలవాలని రెండు తీగముక్కలు ఎక్కువేశాను. ఆ బరువుకి సరిపోయేట్టు బిళ్ళని కూడా ముందే ఇంకాస్త అరగదీయించాను."

అవును, ఆ మాట నేనే అన్నాను. గొలుసులు కొనేవాడు అనే మాట క్రిస్టల్స్‌కి అన్నాను. డబ్బాకి సీలు వేస్తే ఉప్పుగాలి లోపలికి రాదని నాకు తెలుసు, ఆయనకి చెప్పలేదు. ఆ బంగారం బరువుతో బిళ్ళ ఫండమెంటల్ మీద వణుకుతుంది గానీ ఓవర్‌టోన్ అందుకోలేదు. యజమాని ఆయన్ని నా ఎదుటే నానా మాటలూ అన్నారు. నేను గోడ మీద క్యాలెండరు చదువుతూ నిలబడ్డాను.

పూత తీసేసినా అరిగిన రాయి మళ్ళీ పెరగదు. పాత మందంలో నునుపు చేసి ఉన్న బిళ్ళలు నాలుగే మిగిలాయి, కొత్తవి కోయాలంటే నాలుగు రోజులు. మస్తాన్ గారు భోజనానికి కూడా లేవకుండా పల్చటి పూత వేసి మూడింటికల్లా ఇచ్చారు. తీగ కాళ్ళు అతికించేటప్పుడు ఒకటి చిట్లింది. మిగతా మూడూ నా సెట్టులో ఓవర్‌టోన్ మీద చక్కగా నడిచాయి.

మూడున్నర బస్సులో చల్లపల్లి, అవనిగడ్డ మీదుగా నాగాయలంక చేరేసరికి ఆరు దాటింది. సీట్లలో స్పాంజి ఎప్పుడో ఎవరో పెరుక్కుపోయారు. నాంచారయ్య గారు రేవు దగ్గరే ఉన్నారు. మూడు సెట్లు మాట్లాడాయి. నాలుగో దాని సంగతి చెప్పాను.

"మా పిల్లలిద్దరి పడవలకీ, మా బావమరిది పడవకీ పెట్టెయ్యండి. నా పడవలో మూగదే ఉండనియ్యండి" అన్నారాయన. తర్వాత, తప్పెక్కడ జరిగిందండీ అని అడిగారు.

"బందరులో" అన్నాను.

"మీరు గనక పట్టుకున్నారండీ" అని నా రెండు చేతులూ పట్టుకున్నారు.

ఆ రాత్రి అవనిగడ్డలో ఒక లాడ్జిలో నల్లులతో పడుకుని, పొద్దున్న అయిదూ నలభై బస్సెక్కాను. కూచిపూడి, పామర్రు మీదుగా విజయవాడ వెళ్ళే బస్సది. ఈ దారిన వెళ్ళేవాళ్ళకి చెప్పేదేమిటంటే, బండిని నమ్మకండి, గుడివాడ ఇడ్లీ ముట్టుకోకండి, బందరులో మస్తాన్ గారి చేతిపని మాత్రం చూసి రండి. నా మాట మీద చేసిన పనికి ఆయన తిట్లు తిన్నారు, నేను మెప్పు తిన్నాను. రేపు ఈపాటికి నాలుగు పడవలూ సముద్రంలో ఉంటాయి. గాలి మారితే మూడు పడవలకి కబురు అందుతుంది. అందని పడవలో, నా చేతులు పట్టుకున్న ఆ పెద్దాయన ఉంటారు.