బండి తనంతట తానే ఆగిన రోజు

ఉద్యోగ విరమణకు రెండేళ్ల ముందు, వేసవిలో, మా ట్రాన్స్‌పోర్ట్ కంపెనీ నన్ను ఏలూరు డిపోకు ట్రైనింగ్ మేనేజరుగా వేసింది. కైకలూరు చేపలను బెంగాలు దాకా తోలే డిపో అది. కొత్తగా వచ్చిన లారీలకు ఆటోమేటిక్ బ్రేకు ఉంది. ముందు బంపరులోని రాడార్ దారిలో ఏదైనా అడ్డు కనిపెడితే మొదట బీప్ కొడుతుంది. డ్రైవరు తొక్కకపోతే తానే బ్రేకు వేస్తుంది. కునుకు పట్టినవాడి ప్రాణం కాపాడే పరికరమే. అయినా డ్రైవర్లు బండి ఎక్కగానే దాని స్విచ్ ఆపేసేవారు. వాళ్లను ఒప్పించడం నా డ్యూటీ.

డేవిడ్ రాజు వట్లూరు మనిషి, డిపోలో అందరికంటే సీనియరు. ఆయన సరేనంటే మిగతావాళ్లూ సరేనంటారు.

"అది తప్పుగా బ్రేకేస్తే కేసు ఎవరి మీదండీ?" అని అడిగాడు.

కంపెనీ చూసుకుంటుందన్నాను. పైవాళ్లు నాకు చెప్పింది అదే.

"అయితే మీరు పక్కన కూర్చోండి సార్. స్విచ్ ముట్టుకోకుండా తోలతాను."

చేపల మేత లోడుతో కైకలూరు నుంచి తాడేపల్లిగూడెం బయల్దేరాం. శిక్షణలో డ్రైవరు కాళ్లూ చేతులూ గమనించడం పద్ధతి. ఏలూరు దాటి హైవే ఎక్కాక, పట్టపగలు, ఖాళీ రోడ్డు మీద బండి బీప్ అయినా లేకుండా ఒక్కసారిగా బిగుసుకుపోయింది. ఆయన పాదం యాక్సిలరేటర్ మీదే ఉంది. వెనక ఏదో గుద్దుకున్న చప్పుడు వినపడింది.

మోటార్‌సైకిల్ మీద పనికి వెళుతున్న తాపీమేస్త్రీ. డేవిడ్ రాజు అతని తల ఒళ్లో పెట్టుకుని "ఏవండీ, ఏవండీ" అని పిలుస్తూనే ఉన్నాడు. అంబులెన్స్ వచ్చేసరికి ప్రాణం పోయింది.

పోలీసులు డేవిడ్ రాజును అరెస్టు చేశారు. నేను స్టేషన్ బయట ఉండగా జనరల్ మేనేజరు ఫోన్ చేశారు. డ్రైవరు కంగారుపడి బ్రేకు తొక్కాడని చెప్పండి, మెషిన్ మాట ఎత్తకండి అన్నారు. నేను లోపలికెళ్లి, కళ్లతో చూసింది చూసినట్టే ఎస్సైకి వాంగ్మూలం ఇచ్చాను. వారం తిరగకుండా నన్ను ట్రైనింగు నుంచి తీసేసి కైకలూరులో ఐసు గోడౌనుకు మార్చారు. రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాను.

తయారీ కంపెనీ ఇంజినీర్లు వచ్చి లారీలన్నిటికీ రాడార్లు సరిచేశారు. కోర్టు డేవిడ్ రాజును వదిలేసింది గానీ ఆయన మళ్లీ స్టీరింగు పట్టలేదు. బ్రేకు దానంతట అది పడి ప్రమాదమైతే నేరం డ్రైవరు మీదకు తోయబోమని కంపెనీ కాగితం మీద రాసిచ్చేదాకా మిగతావాళ్లు స్విచ్ వేయలేదు. రాసిచ్చాక వేశారు. అప్పుడు వాళ్లకు నా శిక్షణ అక్కర్లేకపోయింది.

యంత్రం ఎలా పనిచేస్తుందో చెప్పినంత మాత్రాన డ్రైవరు దాన్ని నమ్మడు. అది తప్పిన రోజున నేరం ఎవరు మోస్తారో ముందే తేల్చాలి. మా డిపోలో అది తేలేసరికి ఒక మనిషి చనిపోయాడు.