పాట పొడుగైన సంగతి

మా తమ్ముణ్ణి ఇంట్లో అందరూ టకటక అంటారు. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనపడదు. గొంతు లేని పాటలు చేయడం వాడి వృత్తి. ఆఫీసు వేడుకల్లో, పుట్టినరోజుల్లో మైకు పట్టుకుని పాడేవాళ్ళకి వెనకాల సంగీతం కావాలి కదా, ఆ ట్రాకులు. పాత పాటని కంప్యూటర్లో పెట్టి, వేలితో తాళం కొట్టి దాని వేగం ఎంతో పట్టుకుంటాడు. ఆ వేగానికి సాఫ్ట్‌వేర్‌లో టకటకమని ఒక చప్పుడు మోగుతుంది. దాని మీద కీబోర్డు, గిటారు, తబలా అన్నీ తానే వాయించి పాటని మళ్ళీ కడతాడు.

ఇదంతా సామాన్ల గదిలో. గోడలకి పాత దుప్పట్లు, తలుపుకి ఒక పరుపు. రికార్డింగప్పుడు ఫ్యాను ఆపేస్తాడు. ఆ గదిలోకి వెళ్ళొచ్చినవాళ్ళు సంగీతం గురించి తక్కువ, చెమట గురించి ఎక్కువ మాట్లాడతారు.

ఇన్ని పాటలు చేశాడు కానీ ఏ పాటలో ఏముందో వాడికి పట్టదు. ఏడిపించే పాట విని పక్కవాళ్ళు ముక్కు చీదుకుంటుంటే, వీడు మోకాలి మీద వేలితో కొట్టుకుంటూ, "మధ్యలో పరిగెత్తారు" అంటాడు.

మా అక్క మొగుడు బస్సు డ్రైవరుగా రిటైరయ్యాడు. రిటైరైన డ్రైవర్లంతా నెలకోసారి ఒక హాల్లో కలుస్తారు. టీ తాగుతారు, మోకాళ్ళ కష్టాలు చెప్పుకుంటారు, చివర్లో బావ పాడతాడు. ఎప్పుడూ ఒకటే పాట. వేరేది పాడమని ఎవరైనా అడిగితే అదే రెండోసారి పాడతాడు. ట్రాకు మా తమ్ముడు చేసిందే.

ఒక నెల, రెండో చరణంలో పొడుగు లైను మధ్యలో బావకి ఊపిరి అందలేదు. ఆయన ఆగిపోయాడు, సంగీతం మాత్రం తన దారిన తాను వెళ్ళిపోయింది. బావ నవ్వి మైకు కింద పెట్టాడు. పై నెల హాలుకి వెళ్ళలేదు. గొంతు బాగా లేదన్నాడు.

అక్క టకటక దగ్గరికొచ్చింది. "ఏదో ఒకటి చెయ్యరా. పాట మానేసి వంటింట్లో కుర్చీ వేసుకున్నారు. ఉల్లిపాయ ఎలా తరగాలో నాకు చెబుతున్నారు."

శ్రుతి మారకుండా వేగం తగ్గించాలంటే సాఫ్ట్‌వేర్‌లో ఒక అంకె మారిస్తే చాలు. వాడు అది మార్చి, ట్రాకులో చిన్న లోపముంటే సరిచేశానని చెప్పి బావకి ఇచ్చాడు.

"నేనప్పుడే అనుకున్నాను, లోపం అందులోనే ఉందని" అన్నాడు బావ.

మళ్ళీ హాలుకి వెళ్ళాడు. కొన్నాళ్ళకి ఆ వేగమూ ఎక్కువైంది. టకటక ఇంకాస్త తగ్గించాడు. తర్వాత ఇంకాస్త. అక్కకి కూడా చెప్పలేదు. బావ గొంతు మళ్ళీ కుదిరిందని డ్రైవర్లన్నారు. పాట బరువెక్కిందని కూడా అన్నారు.

సంగతి బయటపడింది గుడ్ల వల్ల. పొద్దున బావ ట్రాకు పెట్టుకుని పాట సాధన చేస్తుంటే అక్క గుడ్లు ఉడకబెడుతుంది. పల్లవి ఎత్తుకోగానే మరిగే నీళ్ళలో వేస్తుంది, రెండో చరణం అయ్యాక తీస్తుంది. పచ్చసొన కాస్త జారుగా ఉండాలి బావకి. ఎన్నేళ్ళ నుంచో ఇదే లెక్క. అలాంటిది గుడ్లు గట్టిపడటం మొదలైంది. అక్క ముందు స్టవ్వుని తిట్టింది, తర్వాత గిన్నె మార్చింది, ఆఖరికి గుడ్ల కొట్టువాడితో పోట్లాడి కొట్టే మార్చేసింది. అయినా సొన పిండిలాగే ఉంది.

ఒక ఆదివారం ఉడికిన గుడ్డు కోసి తెచ్చి వాడి కీబోర్డు మీద పెట్టింది. నేనక్కడే ఉన్నాను.

"ఇది చూడరా. ఏం చేశావు నువ్వు?"

టకటక గుడ్డుని చూశాడు. "గుడ్డు తప్పు కాదక్కా. పాట పొడుగైంది."

అక్క వెనకాలే బావ చెప్పులు విప్పుతున్నాడు. అందరం వినపడలేదేమో అనుకున్నాం. వినపడింది.

"ఎంత తగ్గించావురా?"

వాడు చెప్పాడు. బావ కుర్చీలో కూర్చున్నాడు. ఇక పాడడని మా ముగ్గురికీ అనిపించింది. వంటింట్లో కుర్చీ అక్కకి కళ్ళముందు కనపడి ఉండాలి.

"పాత వేగం పెట్టు" అన్నాడు బావ. పెట్టాడు. ఫ్యాను ఆపారు. బావ పాడాడు. రెండో చరణంలో సరిగ్గా అక్కడే ఆగిపోయాడు.

"అసలు పాట పెట్టు. ఆ మహానుభావుడు ఎలా లాగాడో చూద్దాం."

అసలు పాట మీద టకటక చప్పుడు కూడా వేసి వినిపించాడు. అంతా కలిసే నడిచింది. ఆ పొడుగు లైను దగ్గర మాత్రం చప్పుడు ముందుకెళ్ళిపోయింది. పాట వెనకబడింది. గాయకుడూ, వాయించేవాళ్ళూ అందరూ.

"వాళ్ళు తప్పారు. అందుకే నేను సరిచేసి కట్టాను" అన్నాడు టకటక.

"తప్పడమేంట్రా! ఆయన ఊపిరి తీసుకుంటుంటే ఆగారు" అంది అక్క.

"బండి కోసం పరిగెత్తుకొచ్చే మనిషి అద్దంలో కనపడితే నేను ఆగేవాణ్ణి కాదట్రా? నీ ట్రాకుకి అద్దం లేదు" అన్నాడు బావ.

టకటక గుడ్డు తినేసి పనిలో కూర్చున్నాడు. పాటంతా పాత వేగానికే తెచ్చాడు. ఆ ఒక్క లైనుకి చప్పుడు ఆపేసి, అసలు పాట వింటూ ఒక్కో దెబ్బనీ చేత్తో జరిపాడు. మధ్యమధ్యలో బావని కూర్చోబెట్టి ఆ లైను పాడించి, ఆయన గుండెల వైపు చూస్తూ ఇంకాస్త జరిపాడు. వాడు తాళం తప్పడం నేర్చుకోవడానికి వారం పట్టింది. ముఖం మాత్రం ఆ వారమంతా పన్ను పీకించుకుంటున్నవాడిలా ఉంది.

పై నెల హాలుకి మేమూ వెళ్ళాం. టకటక వెనక వరసలో కూర్చుని మోకాలి మీద వేలు కొడుతున్నాడు. పొడుగు లైను వచ్చింది. వాడి వేలు గాల్లో ఆగింది. బావ ఊపిరి తీసుకున్నాడు, లైను దాటాడు.

దిగి వస్తూనే అడిగాడు. "ఏరా, ఎలా ఉంది?"

"ట్రాకు ఆగింది కానీ మీరే ముందొచ్చేశారు బావా. తొందరపడ్డారు."

ఆ మాట బావ ఇప్పటికీ కనపడినవాళ్ళందరికీ చెబుతుంటాడు, ఈ వయసులో తొందరపడ్డానట అని. గుడ్లు మళ్ళీ జారుగానే ఉంటున్నాయి. అక్క మాత్రం పాత కొట్టువాడి ముందు నుంచి నడవకుండా చుట్టు తిరిగి వెళ్తుంది.