కల్పన గారి నవలలు

శాఖా గ్రంథాలయంలో పుస్తకాలిచ్చే గుమాస్తాకి రాకెట్టు సారని పేరు పడి పద్దెనిమిదేళ్ళయింది. ఆ పేరు ఊరికే రాలేదు. కుట్లూ అల్లికల పుస్తకం కోసం వచ్చినావిడను కూడా అంగారకుడి దాకా తీసుకెళ్ళందే వదిలేవాడు కాదు.

"ఇది చదవండి. సముద్రం అడుగున ఊరు కట్టుకుంటారు, చివర్లో పైకొచ్చి చూస్తే నేల మీద ఒక్కడూ ఉండడు!" అని కథంతా చెప్పేసేవాడు. విన్నవాళ్ళు "అబ్బ, బావుందండీ" అని, పోటీ పరీక్షల గైడు పట్టుకుని చక్కా పోయేవారు. ఒకసారి భార్య మొహం మీదే అంది: "ముగింపు కూడా మీరే చెప్పేస్తే ఇక నేను చదవడం దేనికి?" ఆ మాట ఆయన చెవికెక్కలేదు. జనానికే రుచి లేదనుకున్నాడు.

అట్టలు ఊడిపోయిన ఆ సైన్స్ ఫిక్షన్ నవలలన్నిటికీ ఆయనే దగ్గరుండి బైండింగు చేయించాడు. ఒక్కో పుస్తకం వెన్ను మీదా గుండ్రటి అక్షరాలతో 'వైజ్ఞానిక కల్పన' అని చీటీ రాసి అతికించాడు.

ఇప్పుడు పై అధికారి కాగితం పంపాడు. ఈ నెలలో ఐదు పుస్తకాలైనా బయటికి వెళ్ళకపోతే ఆ నవలలున్న బీరువా ఖాళీ చేసి, అన్నీ తూకానికి వేసేయాలట. గడువు ఇంకొక్క రోజే. వెళ్ళింది ఒకే ఒక్కటి, అదీ ఆయన టీకి వెళ్ళినప్పుడు ఎవరో పట్టుకెళ్ళారు. బావమరిదికి ఫోన్ చేస్తే "సినిమాగా వస్తే చూస్తాలే బావా" అన్నాడు. ఇన్నేళ్ళు గొంతు చించుకున్నందుకు ఆయన తనని తానే తిట్టుకున్నాడు.

నాలుగింటికి వీధి చివరి టైలరమ్మ వచ్చింది. మెడలో టేపు, చేతిలో ఆ వెళ్ళిన పుస్తకం.

"కల్పన గారివి ఇంకేమున్నాయండీ?"

"ఏ కల్పన?"

"వైజ్ఞానిక కల్పన గారండీ. వైజ్ఞానిక వాళ్ళింటిపేరనుకుంటా. ఎంత బాగా రాసిందండీ మహాతల్లి! చదువుతూ రెండు జాకెట్లకి చేతులు తిరగేసి కుట్టేశాను."

ఆయనకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఒక్కో నవల ఒక్కో రచయితది, అందరి పేర్లూ ఆయనకి కంఠతా వచ్చు. "అమ్మా, కల్పనంటే..." అని మొదలుపెట్టాడు. ఆవిడ అప్పటికే బీరువా ముందు చతికిలబడి నాలుగు నవలలు ఒళ్ళో వేసుకుంది. ఆయన ఆ మాట అక్కడే ఆపి కార్డు తీశాడు.

"దీంట్లో ఏముందండీ?"

ముగింపు నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాడు.

"చదవండమ్మా."

నాలుగూ ఆవిడ కార్డు మీద రాసి, ముందుదానితో కలిపి ఐదని లెక్కపెట్టుకున్నాడు.

"అన్నీ పాతవే ఉన్నాయి. ఆవిడ కొత్తగా ఏం రాయట్లేదా?"

"లేదమ్మా."

"పాపం, ఒంట్లో బాగోలేదా?"



"చదివేవాళ్ళు లేకమ్మా."

"అదేం మాటండీ, నేను లేనూ? కనిపిస్తే రాయమన్నానని చెప్పండి" అని ఆవిడ పుస్తకాలు సంచిలో వేసుకుంది.